రెండు సీసాలు, వంద చెవులు

సిద్దిపేటలో వారానికోసారి అంగడి జరిగే జాగను ఆనుకుని ఒక ధర్మ దవాఖాన ఉండేది. చుట్టుపక్కల భూములున్న ఒక దొర తన తండ్రి పేరు నిలబడాలని దాన్ని కట్టించాడు. నాలుగు గదులు, ముందు వరండా, వెనక ఒక చేదబావి. వరండాలో గోడకు ఆ తండ్రిగారి పెద్ద ఫోటో. కొత్తగా వచ్చిన రోగులు మందు పుచ్చుకునే ముందు ఆ ఫోటోకు దండం పెట్టుకునేవాళ్ళు. మా మందుల సంగతి తెలిసిన పాత రోగులు పుచ్చుకున్నాక కూడా పెట్టుకునేవాళ్ళు.

నేను అక్కడ నర్సును. మాది దౌల్తాబాద్ దగ్గర ఒక పల్లె. నన్ను కన్న బాపు, అవ్వ కూలి పనికి పోయేవాళ్ళు. నేను మిషన్ బడిలో చదివి, మిషన్ ఆసుపత్రిలో మూడేళ్ళు పని నేర్చుకుని, ఇరవై రెండేళ్ళ వయసులో ఈ ఉద్యోగంలో చేరాను. కట్టు కట్టడం, కాన్పు చెయ్యడం, రిజిస్టరు రాయడం నా పని. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అందరూ అనేవాళ్ళు. నాకూ ఆ గర్వం ఉండేది. తర్వాత నేను చేసిన తప్పు ఆ చేతిరాతతోనే చేశాను.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో పట్నం నుంచి మాకు కొత్త డాక్టరు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు నిండని మనిషి. ఆయన వెంట రెండు పెట్టెలు వచ్చాయి. ఒకదాని నిండా ఇంగ్లీషు పుస్తకాలు, రెండోదాని నిండా తెల్ల కాగితాలు. ఆ కాగితాలు ఎందుకో నాకు వారం రోజుల్లో తెలిసింది. ఆయనతో కలిసి చదివిన ఇద్దరి వ్యాసాలు అప్పటికే మద్రాసు నుంచి వచ్చే ఒక వైద్యపత్రికలో అచ్చయ్యాయట. ఆయనది ఇంకా కాలేదు. దానితో ఆయనకు అన్నం సయించేది కాదు.

మొదట నారికురుపు మీద పరిశోధన చేద్దామనుకున్నాడు. దాని మీద ఎవరో ముందే రాసేశారు. చలిజ్వరం మీద రాయనివాళ్ళే లేరు. తేలు కాటు మీద మొదలుపెట్టాడు కాని, తేలు కుట్టి వచ్చినవాళ్ళకు ఆయన ప్రశ్నలన్నిటికీ కూర్చుని జవాబు చెప్పే ఓపిక ఉండేది కాదు. ఒకాయన అయితే ఏడో ప్రశ్న దగ్గర లేచి మంత్రం వేసే అతని దగ్గరికి వెళ్ళిపోయాడు.

వానాకాలం మొదలయ్యే ముందు ఒక పొద్దున డాక్టరు నన్ను పిలిచి, "నర్సమ్మా, దొరికింది," అన్నాడు.

"ఏం దొరికింది సాబ్?"

"చెవి."

చెవి లోపల కాదు, బయటి గొట్టం. అది వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి పెట్టి, ఒక్కోసారి చీము కారే జబ్బు. చావరు కనక దాన్ని ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోరు కనక దాని మీద ఎవరూ రాయలేదు అని ఆయన వాదం. దానికి మామూలుగా వాడే మందుల్లో గ్లిజరిన్ ఉండాలి, బోరిక్ పొడి ఉండాలి. యుద్ధం వల్ల రెండూ రావడం లేదు.

"గ్లిజరినంత బాంబులల్లకు పోతున్నది," అన్నాడు. "అదేం లేకుండ ఒట్టి స్పిరిట్‌తోని చెవి తగ్గుతదని మనం చూపిస్తే, పల్లెపల్లెకు పనికొస్తది. ఆల్కహాల్ చానా సాదా చీజు నర్సమ్మా. రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక్క ఆక్సిజన్. గింతే."

ఆ మాట ఆయన ఎంత ఇష్టంగా అన్నాడంటే, నాకు కూడా ఆ తొమ్మిదింటి మీద కొంచెం అభిమానం కలిగింది. ఆలోచన మంచిదే. ఆ సంగతి నేను ఇప్పటికీ అంటాను.

పద్ధతి ఇది. రెండు సీసాలు. నీలం దారం కట్టినదాంట్లో స్పిరిట్‌లో కొంచెం నీళ్ళు కలిపిన మందు. తెల్ల దారం కట్టినదాంట్లో కాచి చల్లార్చిన బావి నీళ్ళు. చెవి వాచి వచ్చిన మొదటివాళ్ళకు నీలం, రెండోవాళ్ళకు తెల్లది, మూడోవాళ్ళకు మళ్ళీ నీలం. ఏ సీసాతో మొదలుపెడితే ఏడు రోజులూ అదే సీసా. రోజుకు రెండుసార్లు పది చుక్కలు వేసి, చెవి పైకి వచ్చేలా బల్ల మీద పడుకోబెట్టాలి. నొప్పి, వాపు, చీము నేను రిజిస్టరులో రాయాలి. వంద చెవులు కావాలి. మనుషులు కాదు, చెవులు. రెండు చెవులూ వాచిన మనిషి వస్తే డాక్టరు ముఖం వెలిగిపోయేది. కుడి చెవిలో మందు, ఎడమ చెవిలో నీళ్ళు వేసి, "ఇద్దరి పని ఒక్కడే చేసిండు," అని మెచ్చుకునేవాడు.

నీళ్ళ సీసాకు వాసన లేదని రోగులు కనిపెట్టేస్తారని ఆయనకు భయం. అందుకని రోజూ పొద్దున ఆ సీసా మూతికి కొంచెం స్పిరిట్ రాయమన్నాడు. నేను రాసేదాన్ని. లోపల నీళ్ళు, బయట వాసన. మిషన్ ఆసుపత్రిలో ఇలాంటి పని నాకు ఎవరూ నేర్పలేదు.

"నీళ్ళు పోసినోళ్ళకు తగ్గకపోతే ఎట్ల సాబ్?" అని మొదటి రోజే అడిగాను.

"ఏడు దినాలే కద. ఎనిమిదో దినం నీలం సీసా ఇస్తం. ఎవ్వరు సావరు," అన్నాడు.

చావరు, నిజమే. కాని చెవిపోటు ఉన్నవాళ్ళకు ఏడు రోజులు ఎంత పొడుగో ఆయనకు ఎప్పుడూ అనుభవమై ఉండదు.

సీసాలు సిద్ధమయ్యాయి, రిజిస్టరు సిద్ధమైంది, చెవులు మాత్రం రాలేదు. మొదటి నెలలో వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. కడుపునొప్పి అని వచ్చినవాళ్ళ చెవులు కూడా డాక్టరు లాంతరు పట్టి చూసేవాడు. బాగున్నాయని తెలిసి నిట్టూర్చేవాడు. ఒక ముసలామె, "నా చెవులకేమైంది బిడ్డా, డాక్టర్ సాబు గట్ల బాధపడుతుండు," అని నన్ను అడిగి ఏడ్చింది.

అప్పుడు వచ్చాడు చెవుల ముసలాయన.

ఎర్ర తలపాగా, తలపాగాలో గుచ్చిన సన్నటి ఇత్తడి చెంచా, సంచిలో దూది, ఒక చిన్న నూనె బుడ్డి. ఊరూరా తిరుగుతూ జనం చెవుల్లో గులిమి తీసేవాడు. ఆ వానాకాలం ఎందుకో సిద్దిపేటలోనే ఆగిపోయి, మా దవాఖాన గోడను ఆనుకుని కూర్చున్నాడు. అంగడికి వచ్చినవాళ్ళు సామాను పక్కన పెట్టి, ఆయన ముందు తల వంచి, కళ్ళు మూసుకునేవాళ్ళు. చెవిలో చెంచా తిరుగుతుంటే వాళ్ళ ముఖాల్లో కనిపించే సుఖం మా దవాఖానలో ఏ మందు వల్లా నేను చూడలేదు.

రెండు వారాల తర్వాత మా వరండా నిండింది. అన్నీ చెవులే. డాక్టరు గడ్డం గీసుకుని, పాట పాడుకుంటూ రావడం మొదలుపెట్టాడు. నేను రిజిస్టరు రాస్తూ ఒక్కొక్కరినీ అడిగాను. చెవి ఎప్పటి నుంచి నొస్తుంది, దానికి ముందు ఏం చేశారు అని. అందరిదీ ఒకటే జవాబు. అంగడి రోజు చెవి శుభ్రం చేయించుకున్నారు.

బయటికి వెళ్ళి కాసేపు నిలబడి చూశాను. ముసలాయన చీము కారుతున్న ఒకాయన చెవిలో చెంచా పెట్టాడు, తీసి పంచె అంచుకు తుడిచాడు, పక్కన కూర్చున్నామె చెవిలో పెట్టాడు.

లోపలికి వచ్చి డాక్టరుకు చెప్పాను. ఆయన రాస్తున్న కలం ఆపాడు కాని ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే," అన్నాడు.

"మరి ఆయనను లేపుదమా సాబ్? జర చెప్తే వింటడు."

"నర్సమ్మా, రీసెర్చి నడుస్తున్నప్పుడు హాలత్ మార్చొద్దు, పరిస్థితి ఎట్లున్నదో అట్లనే ఉండాలె. సగం చెవులు ఒక హాలత్‌ల, సగం ఇంకో హాలత్‌ల ఉంటే ఎవ్వడు ఒప్పుకోడు. వంద కానీ. అయినంక నేనే పోయి చెప్త."

ఆయన దుర్మార్గుడు కాదు. రాత్రీ పగలూ ఎప్పుడు పిలిచినా కాన్పులకు వచ్చేవాడు. పాము కాటుకు వచ్చిన ఒక కూలీ దగ్గర రెండు రోజులు కదలకుండా కూర్చున్నాడు. కాని ఆ వంద అన్న మాట ఆయన కళ్ళకు అడ్డం పడిపోయింది.

ఆ రోజుల్లోనే కుకునూరుపల్లి వైపు నుంచి ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. కూలికి నాట్లు వేసేది. సిద్దిపేటలో ఉన్న అక్కను చూడ్డానికి వచ్చి, అంగడిలో ముసలాయనకు చెవి అప్పగించింది. కుడి చెవి రేగుపండులా ఎర్రబడి వాచింది, దవడ కదిలించలేకపోతోంది. వరుసలో ఆమెకు తెల్ల సీసా వచ్చింది.

నాలుగు రోజులు నేనే ఆమె చెవిలో నీళ్ళు వేశాను. పొద్దున పది చుక్కలు, సాయంత్రం పది చుక్కలు. ఆమె బల్ల మీద పక్కకు తిరిగి పడుకుని, ఫోటో వైపు చూస్తూ, "నాట్లయిపోతున్నయి బిడ్డా, ఎప్పటికి తగ్గుతది?" అని అడిగేది. నేను రిజిస్టరు వైపు తిరిగి, "తగ్గుతది పెద్దమ్మా," అనేదాన్ని. ఐదో రోజుకు వాపు చెవి వెనక్కి పాకింది. అన్నం నమలలేక జొన్న గటక నీళ్ళలో కలుపుకుని తాగుతున్నానని చెప్పింది.

అదే రోజు పొద్దున దొర వచ్చాడు. దవాఖాన కట్టించిన దొరే. ఇంట్లో కూర్చుని అగ్గిపుల్లతో చెవి గోక్కుని వాపించుకున్నాడు. తలకు ఒక వైపు శాలువా చుట్టుకుని, ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వచ్చి, తండ్రి ఫోటో కింద కూర్చున్నాడు. ఆయనకు ముందు వచ్చిన చెవి నీలం సీసాది. వరుస ప్రకారం దొరకు నీళ్ళు పడాలి.

డాక్టరు రిజిస్టరు చూశాడు. దొరను చూశాడు. రిజిస్టరు మూశాడు.

"నీలం," అన్నాడు నాతో, నెమ్మదిగా.

"వరుస తెల్లది సాబ్."

"దొరవారి చెవు లెక్కలకు రాదు."

పది చుక్కలు వేశాను. స్పిరిట్ పుండు మీద పడితే ఎలా మండుతుందో తెలిసిన సంగతే. దొర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వెంట మనుషులున్నారని బిగబట్టుకుని కూర్చుని, "మందు బలమైందే," అన్నాడు. రెండో రోజుకు వాపు దిగింది, మూడో రోజుకు శాలువా తీసేశాడు.

దొర వచ్చిన ఆ మొదటి పొద్దున జరిగిందంతా నాట్లు వేసే ఆమె పక్క బల్ల మీద పడుకుని చూస్తోంది. ఒక చెవి వాచినా రెండో చెవి బాగానే వినపడుతోంది కదా. దొర వెళ్ళిపోయాక నన్ను దగ్గరికి రమ్మంది.

"బిడ్డా, దొరకు పోసింది మండింది. నాకు పోసేది మంట లేదేంది? మండేది పెద్దోళ్ళకేనా?"

ఆమె కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. పేదవాళ్ళకు వేరే మందు ఉంటుందేమో, అది కూడా న్యాయమేనేమో అన్నట్టు అడిగింది. మా అవ్వ కూడా అలాగే అడిగేది, ఎక్కడికి పోయినా, అలాగే.

ఆ సాయంత్రం ఆమె చెవిలో నీలం సీసా వేశాను. ఆమె బల్ల అంచు పట్టుకుని పళ్ళు బిగించింది. కాసేపటికి, "ఇది మందు," అంది. మూడు రోజులకు దవడ కదిలింది. ఏడు రోజులకు నాట్లకు వెళ్ళిపోయింది.

రిజిస్టరులో ఏం రాయాలి? ఆమె పేరు తెల్ల సీసా వరుసలో ఉంది. సీసా మార్చానని రాస్తే నా ఉద్యోగం పోతుంది. రాయకపోతే అబద్ధం. నా ముత్యాల రాతతో, "తెల్లది, తగ్గింది," అని రాశాను. ఆ రోజు నుంచి తెల్ల సీసా వరుసలో ఎవరు వచ్చినా మూడు రోజులు చూసి, తగ్గకపోతే నీలం వేసేదాన్ని. రిజిస్టరులో మాత్రం తెల్లదే.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు భోజనానికి వెళ్ళాక ముసలాయన దగ్గరికి పోయి కూర్చున్నాను.

"తాతా, నీ చెంచా జర చూపెట్టు."

గర్వంగా తీసి ఇచ్చాడు. "మా నాయిన చెంచా బిడ్డా. దొరల చెవులు చూసింది, కూలోళ్ళ చెవులు చూసింది. ఇప్పటిదాంక ఒక్క చెవు లోపటి పొర పలగలె."

"పలగలేదు తాతా. కని వాస్తున్నయి. గీ నెల మా దగ్గరికొచ్చిన చెవులన్ని నీ చేతిల పడ్డయే."

ఆయన చెంచా వెనక్కి తీసుకుని తలపాగాలో గుచ్చుకున్నాడు. తర్వాత అన్నాడు, "అట్లయితే డాక్టర్ సాబు నాకు చెప్పకపోవునా? ఆయన రోజు పొద్దుగాల నాకు చాయ్ పంపిస్తడు."

ఆ సంగతి నాకు తెలియదు. దవాఖాన చప్రాసీ రోజూ ఒక గ్లాసు పట్టుకుని బయటికి పోవడం చూశాను కాని, ఎవరికో అడగలేదు.

"మంచిగ చెయ్యి తాతా, ఈడనే కూసో, యాడికి పోకు అంటడు," అని ముసలాయన చెప్పాడు. "గింత మర్యాద నాకు ఏ ఊర్ల జరగలె."

ఆయన చేతుల్లో నిజంగా నేర్పుంది. తెలియక చేశాడు. తెలిసినాయన చాయ్ పోశాడు. నాకు ఎవరి మీద కోపం రావాలో స్పష్టంగానే తెలిసింది. లోపలికి వెళ్ళి ఒక చిన్న బుడ్డిలో స్పిరిట్ పోసుకొచ్చాను.

"ఒక చెవుల పెట్టినంక చెంచా దీంట్ల ముంచు. ముంచి, అగ్గి ముట్టించు. చల్లారినంకనే ఇంకో చెవుల పెట్టు. చీము కారే చెవుల అసలే పెట్టకు, మా దగ్గరికి తోలు."

ముసలాయన చెంచా ముంచి, అగ్గిపుల్ల గీశాడు. సన్నటి నీలం మంట లేచి ఆరిపోయింది. ఆయన ముఖం చిన్నపిల్లవాడిలా అయింది. నేను శుభ్రత నేర్పానని అనుకున్నాను. ఆయన దాన్ని ఆటగా నేర్చుకున్నాడు. వచ్చే అంగడి నాటికి ఆయన చుట్టూ జనం గుండ్రంగా నిలబడ్డారు. ఒక్కో చెవి అయ్యాక చెంచా పైకెత్తి, "డాక్టర్ సాబు మంట," అని చెప్పి వెలిగించేవాడు. ఆ మంట చూడ్డానికే చెవులు అప్పగించినవాళ్ళున్నారు. ఆయన పని రెండింతలైంది.

మా పని ఆగిపోయింది. రెండు వారాల్లో వరండా ఖాళీ. వందకు ఇంకా కొన్ని చెవులు తక్కువ. డాక్టరు వాకిట్లో నిలబడి, గోడ పక్కన గుమిగూడిన జనాన్ని చూసేవాడు. అన్ని చెవులు పోతున్నాయి, ఒక్కటీ వాయడం లేదు. పాట ఆపేశాడు, గడ్డం గీసుకోవడం కూడా ఆపేశాడు. చివరకు ఉన్న చెవులతోనే వ్యాసం రాద్దామని కూర్చున్నాడు.

రెండు రోజులు లెక్కలు వేసి, మూడో రోజు నన్ను పిలిచాడు. ఆయన ముఖంలో ఏదో వింత వెలుగు.

"నర్సమ్మా, మొదట్ల నీళ్ళు పని చెయ్యలె. తర్వాత చేసినయి. స్పిరిట్ లెక్కనే చేసినయి. గట్లెందుకు?"

నేను నేల చూశాను.

"బావి," అన్నాడు. "వానలకు బావిల నీళ్ళు పైకొచ్చినయి. ఏదో లవణం కలిసింది. ఇది స్పిరిట్ కంటె పెద్ద సంగతి."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. భయపడి ఊరుకున్నాను. ఆయన ఒక సీసా బావి నీళ్ళు మైనంతో మూసి, పరీక్ష కోసం పట్నం పంపాడు. అంతటితో ఆగక దొరకు చెప్పాడు. దొరకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఆ బావి తవ్వించింది వాళ్ళ నాయిన. ఇన్నాళ్ళూ ఫోటోకే పరిమితమైన మహిమ ఇప్పుడు బావిలోకి దిగింది. గిలకకు కొత్త తాడు కట్టించాడు, చుట్టూ సున్నం వేయించాడు, తండ్రి పేరుతో ఒక రాతి పలక చెక్కమని పురమాయించాడు. తన చెవి కూడా ఆ నీళ్ళతోనే తగ్గిందని పదిమందికీ చెప్పాడు.

నాలుగు రోజుల్లో చెంబులు వచ్చాయి. ఆడవాళ్ళు చేదతో నీళ్ళు తోడుకుని, పిల్లల చెవుల్లో వంచి పోస్తున్నారు. కాచని నీళ్ళు. ఏ జబ్బూ లేని చెవుల్లో కూడా, ముందు జాగ్రత్తగా. చంకలో పిల్లను ఎత్తుకున్న ఒకామెను వద్దని ఆపబోతే, "దొరకే తగ్గిందట, నువ్వేంది మధ్యల?" అంది.

ఇక నా వల్ల కాలేదు. డాక్టరు గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి అంతా చెప్పాను. సీసా మార్చింది, తప్పు రాసింది, ముసలాయనకు స్పిరిట్ ఇచ్చింది, అన్నీ.

ఆయన మొహం పాలిపోయింది. "నా రీసెర్చి మొత్తం ఖరాబు చేసినవ్," అన్నాడు. "నిన్ను నమ్మి రిజిస్టరు ఇచ్చిన. ఒక్క చెవు కూడ ఇప్పుడు నిజం కాదు."

"తప్పే సాబ్. తీసేయున్రి, పోత. కని దొర చెవుకు వరుస ఎందుకు తప్పింది? మీరు రిజిస్టరు మూసిన్రు, నేను తెరిచి తప్పు రాసిన. ఆ నాట్ల పెద్దమ్మ చెవు కంటె దొర చెవు ఏం గొప్పది? ముసలాయనకు మీరు చాయ్ పోసుకుంట కూసున్నన్ని దినాలు ఎందరి చెవులు వాచినయి?"

ఇంత మాట నేను అంతకు ముందు ఎవరితోనూ అనలేదు. కిటికీలోంచి బావి కనిపిస్తోంది, చెంబులు పట్టుకున్న ఆడవాళ్ళు కనిపిస్తున్నారు. ఆయన అటు చూశాడు. తర్వాత చొక్కా సరిచేసుకుని, "నువ్వు పోయి బావి మీద మూత పెట్టియ్యి. నేను గడీకి పోయొస్త," అన్నాడు.

కోటలాంటి దొర గడీలో ఏం జరిగిందో ఆయనే తర్వాత నాకు చెప్పాడు. బావి నీళ్ళలో ఏమీ లేదని చెబితే దొర నమ్మలేదు. "నాకు తగ్గింది కద," అన్నాడు. మీకు పోసింది నీళ్ళు కాదు, మందు, అని డాక్టరు చెప్పక తప్పలేదు.

"మరి మిగిలినోళ్ళకు?" అని దొర అడిగాడు.

"సగం మందికి మందు, సగం మందికి నీళ్ళు."

దొర హుక్కా గొట్టం పక్కన పెట్టి, "మా నాయిన పేరు మీదున్న దవాఖానల జనానికి నీళ్ళు పోసినవా?" అన్నాడు. జనం మీద జాలి కాదు అది, పేరు మీద బెంగ. ఆ బెంగకైనా నేను దండం పెట్టుకున్నాను. ఆ సాయంత్రమే తెల్ల సీసా పారబోయమని కబురు వచ్చింది. పలక చెక్కడం ఆగింది. అప్పటికే తండ్రి పేరులో మొదటి రెండు అక్షరాలు పడ్డాయి. ఆ రాయిని బావి దగ్గర బట్టలు ఉతకడానికి వేశారు.

నన్ను తీసేయలేదు. వారం రోజులు డాక్టరు నాతో పని మాట తప్ప మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక పొద్దున ఆయనే గోడ పక్కకు పోయి, ముసలాయన ముందు గొంతుక్కూర్చుని, చెంచా అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు. ముసలాయన దాన్ని వెలిగించి చూపించాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. ఆ రాత్రి ఆయన ఒక్క కాగితం రాశాడు. వంద చెవుల వ్యాసం కాదు. ఊరూరా తిరిగి చెవులు శుభ్రం చేసేవాళ్ళ పనిముట్టు స్పిరిట్‌లో ముంచి కాల్చితే బయటి చెవి వాపు తగ్గుతుందని, ఇది ఒక ఊళ్ళో ఒక వానాకాలం చూసిన సంగతి మాత్రమేనని, లెక్కలు నమ్మదగినవి కావని, అందుకు కారణం తానేనని. నాకు చదివి వినిపించి, తెలుగులో అర్థం చెప్పాడు. నా పేరు రాయలేదు, నా తప్పూ రాయలేదు.

"నేను రాసింది కూడ పెట్టున్రి సాబ్," అన్నాను.

"జాగ సాలలె," అన్నాడు.

కాగితం మద్రాసు వెళ్ళింది. మూడు నెలలకు జవాబు వచ్చింది. సంగతి ఆసక్తికరంగానే ఉందని, అయితే కనీసం వంద చెవుల వివరాలు జతచేస్తే పరిశీలిస్తామని. డాక్టరు అది చదివి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఆయన అంతగా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

ఎండాకాలంలో ఆయన ఫౌజులో చేరి వెళ్ళిపోయాడు. అక్కడ డాక్టర్లు చాలక పిలుస్తున్నారని చెప్పాడు. పుస్తకాల పెట్టె తీసుకున్నాడు, కాగితాల పెట్టె నాకు వదిలేశాడు. ముసలాయన వానలు ఆగగానే చేర్యాల వైపు పోయాడని విన్నాను. ఇద్దరూ మళ్ళీ సిద్దిపేటలో నాకు కనపడలేదు. తర్వాత వచ్చిన డాక్టరుకు పరిశోధనల మీద ఆశ లేదు, కాన్పులకు పిలిస్తే వచ్చే ఓపికా లేదు. చాలా రాత్రులు ఆ పని నేనొక్కదాన్నే చేశాను. చేస్తూ పాత డాక్టరు ఉంటే బాగుండునని అనుకునేదాన్ని. అలా అనుకున్నందుకు నా మీద నాకు ఆశ్చర్యం వేసేది.